లీ: మూడు బోలు కాళ్ల చైనా వంటకుండ, తయారీ డైరీ

ఎనిమిది కుండలు చేస్తే మూడు నిలిచాయి. పోయిన ఐదింటిలో మూడు ఒకే చోట పగిలాయి: మూడు కాళ్లూ కలిసే పంగలో. అందుకే ఈ డైరీలో ఎక్కువ భాగం ఆ పంగ గురించే ఉంటుంది. మిగతా పనులు మట్టి పని తెలిసిన ఎవరికైనా అలవాటైనవే.

ప్రాచీన చైనా మట్టిపాత్రల్లో మూడు కాళ్లవి చాలా ఉన్నాయి. వాటిలో డింగ్‌కు కాళ్లు గట్టివి, అంటే గిన్నె అడుగున అతికించిన మూడు మట్టి కడ్డీలు. లీ కాళ్లు బోలుగా ఉంటాయి. పోసిన నీళ్లు కాళ్లలోకీ దిగుతాయి, మంట కాళ్ల మధ్య ఆడుతుంది. క్రీ.పూ. 3వ సహస్రాబ్ది రెండో సగంలో, లుంగ్‌షాన్ కాలంలో, ఉత్తర చైనాలో ఈ ఆకారం స్థిరపడింది. షాంగ్, జౌ రాజవంశాల కాలంలో చాలావరకు అక్కడి సాధారణ వంటకుండ ఇదే. కంచు లీలు కూడా పోతపోశారు గానీ ఆకారం మట్టిదే.

నమూనాగా తీసుకున్నది హనాన్ రాష్ట్రం అన్‌యాంగ్ దగ్గరి యిన్‌షూ కాలపు లీ. 1928లో తవ్వకాలు మొదలైన షాంగ్ రాజధాని అది, సుమారు క్రీ.పూ. 1300-1046. బూడిదరంగు, ఒళ్లంతా తాడు ముద్రలు, బయటికి వాలిన అంచు. ఏ ఒక్క పాత్రకూ ఇది నకలు కాదు, ఆ రకం అంతటికీ ఉన్న పొందిక.

కాల్చిన తర్వాత ఉండాల్సిన కొలతలు:
ఎత్తు 16 సెం.మీ.
పొట్ట దగ్గర వ్యాసం 16 సెం.మీ.
మూతి 15 సెం.మీ.
గోడ మందం 6 మి.మీ.
కాలి లోపలి లోతు 7 సెం.మీ.

దశ 1: మట్టి (రోజు 1-9)

చైనా కుమ్మరులు వంటకుండకు ఒక మట్టి, వడ్డించే పాత్రలకు మరో మట్టి వాడారు. తినే గిన్నెలకు, నిలవ జాడీలకు మెత్తటి శుద్ధి మట్టి. నిప్పు మీదికి వెళ్లే లీకి, డింగ్‌కు ఇసుక కలిపిన గరుకు మట్టి. పెంకు విరిచి చూస్తే తేడా కంటికే తెలుస్తుంది. లీ చేయాలనుకునేవారు చాలామంది మొదటి పొరపాటు ఇక్కడే చేస్తారు. నున్నగా వస్తుందని మెత్తటి మట్టి తీసుకుంటారు, అది మొదటి మంటకే చీలుతుంది.

చెరువు మట్టి 18 కిలోలు ఎండబెట్టి, దంచి, జల్లించగా 10.5 కిలోలు మిగిలింది. నాలుగు మిశ్రమాలతో పట్టీలు చేసి, ఒక్కో పట్టీ మీద సరిగ్గా 10 సెం.మీ. గీత గీశాం. ఆరాక ఆ గీత ఎంత తగ్గిందో చూస్తే కుదింపు తెలుస్తుంది.

అ) మట్టి ఒక్కటే: ఆరాక 9.5 శాతం కుదింపు
ఆ) మట్టి 80, ఏటి ఇసుక 20: 7 శాతం
ఇ) మట్టి 75, పెంకుపొడి 25: 6 శాతం
ఈ) మట్టి 70, పెంకుపొడి 20, ఇసుక 10: 6.5 శాతం, కాల్చాక మొత్తం 8 శాతం

తక్కువ కుదింపు ‘ఇ’ది. అయినా ఎంచుకున్నది ‘ఈ’. పెంకుపొడి మాత్రమే కలిపిన మట్టిని పలచటి పలకగా వంచితే అంచుల్లో చిన్న చిన్న చీలికలు వచ్చాయి. కాళ్లకు ఆ వంపు తప్పదు. ఇసుక వంతు పెంచడం కూడా మంచిది కాదు. 573 డిగ్రీల దగ్గర ఇసుకలోని క్వార్ట్జ్ ఒక్కసారిగా ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అదే చోట ముడుచుకుంటుంది. ఇసుక 20 శాతం ఉన్న పట్టీని మూడుసార్లు కాల్చి చల్లారిస్తే వేలితో నలిగేంత గుల్లబారింది.

పెంకుపొడికి పాత పూలకుండీలు దంచాం. 2 మి.మీ. జల్లెడలో దిగి, అర మి.మీ. జల్లెడలో నిలిచినది మాత్రమే వాడాలి. మెత్తటి దుమ్ము కలిస్తే మట్టి జిగురు పోతుంది, పగులును ఆపే పని మాత్రం జరగదు.

ఇక్కడ జరిగిన నష్టం సున్నపు గులకలది. కాల్చిన పట్టీ నాలుగు రోజులు బాగానే ఉంది. ఐదో రోజు పైన బఠాణీ గింజంత పెళ్ల ఎగిరిపోయింది. గుంట అడుగున తెల్లటి చుక్క. మట్టిలోని సున్నపురాయి కాలి సున్నమైంది, గాలిలో తేమ తాగి ఉబ్బింది. ఉత్తర చైనా పసుపు మట్టిలోనూ ఇలాంటి సున్నపు గడ్డలు పుష్కలం. పైగా ఆ మట్టికి సాగే గుణం తక్కువ కాబట్టి నేరుగా కుండలకు పనికిరాదు. పరీక్ష తేలిక. పొడి మట్టి చెంచాడు తీసుకుని నిమ్మరసం పిండితే, నురగ వచ్చిన మట్టిని ఇంకా సన్నటి జల్లెడ పట్టాలి. మేం 1 మి.మీ. జల్లెడకు మారాం, తర్వాత పెళ్లలు లేవలేదు.

ఇప్పటిదాకా: కలిపిన పొడి మిశ్రమం 15 కిలోలు, నీళ్లతో పిసికాక 18.7 కిలోలు. పట్టీలకు పోయింది 0.7. పని 9 గంటలు.

దశ 2: కాళ్ల అచ్చు (రోజు 10-15)

వత్తులు చుట్టి కాళ్లు పెంచడం మొదటి ప్రయత్నం. మూడు కాళ్లూ మూడు రకాలుగా వచ్చాయి, ఎత్తులో 6 మి.మీ. తేడా. అచ్చు లేకుండా లీ చేయడం వృథా శ్రమ. షియాన్ దగ్గరి కషెంగ్‌జువాంగ్‌లో దొరికిన, లుంగ్‌షాన్ కాలపు రకం లీల కాళ్ల లోపల అచ్చు గుర్తులు తిరగబడి కనిపిస్తాయి. అంటే వాళ్లూ లోపల అచ్చు పెట్టి, దాని మీద మట్టి తట్టారు.

అచ్చు వ్యాసం లెక్క ఇలా. ఒకదాన్నొకటి తాకే మూడు సమాన వృత్తాలను చుట్టే పెద్ద వృత్తం, చిన్న వృత్తానికి 2.15 రెట్లు ఉంటుంది. కాల్చాక పొట్ట 16 సెం.మీ. రావాలంటే పచ్చిగా 17.4 ఉండాలి. 17.4ను 2.15తో భాగిస్తే 8.1. అది కాలి బయటి వ్యాసం.

ఒకటో కుండ ఇక్కడే పోయింది. 8.1ని అచ్చు వ్యాసం అనుకున్నాం. దాని మీద 7 మి.మీ. మట్టి రెండు వైపులా చేరితే కాలు 9.5 అయింది, మూడు కలిపితే పొట్ట 20.5. మూతికీ పొట్టకూ పొంతన లేక పచ్చిగా ఉన్నప్పుడే పిసికేశాం. సరైన అచ్చు 8.1లోంచి 1.4 తీసేస్తే వచ్చే 6.7 సెం.మీ. ఎత్తు 9, మొన గుండ్రంగా.

అచ్చును అదే మట్టితో బోలుగా చేసి కాల్చాం. దాని మీద మట్టి అంటుకోకుండా మూడు ఉపాయాలు చూశాం:

1. తడి గుడ్డ చుట్టడం. గుడ్డ మడతలు కాలి లోపల గాట్లుగా పడ్డాయి, ఆరేటప్పుడు ఆ గాట్ల వెంటే చీలింది.
2. నున్నటి అచ్చు మీద జల్లించిన బూడిద. అంటుకోలేదు గానీ, లాగితే గాలి పీల్చుకున్నట్టు బిగుసుకుంది. కాలి మొన లోపలికి కుంగిపోయింది.
3. అచ్చు మీదే తాడు ముద్రలు వేసి కాల్చి, పైన బూడిద చల్లడం. గాట్ల వెంట గాలి లోపలికి పోతుంది కాబట్టి కొద్దిగా తిప్పగానే ఊడి వచ్చింది.

పాత కాళ్లలో తిరగబడిన ముద్రలు ఎందుకున్నాయో మూడోది చేశాక అర్థమైంది. లోపల ఎవరూ చూడని చోట అలంకారం ఎందుకు వేస్తారు, అది అచ్చు ఊడిరావడానికి చేసిన ఏర్పాటే.

కాలు చేసే వరస:

1. 7 మి.మీ. మందం పలక పరవాలి. రెండు పక్కలా 7 మి.మీ. బద్దలు పెట్టి కర్రతో దొర్లిస్తే మందం సమంగా వస్తుంది.
2. కాగితం నమూనాతో విసనకర్ర ఆకారంలో కోసి అచ్చుకు చుట్టాలి. అతుకు మీద 1 సెం.మీ. ఒకదానిపై ఒకటి రావాలి.
3. మొనకు నిమ్మకాయంత ముద్ద చేర్చి తట్టాలి.
4. నీడలో 40 నిమిషాలు ఉంచి అచ్చు తీయాలి.

నాలుగో మెట్టులో గడియారం చూసుకోవాల్సిందే. గంటన్నర వదిలేసిన రెండు కాళ్లు నిలువునా చీలాయి. మట్టి కుదించుకుపోతుంది, లోపలి అచ్చు తగ్గదు, మధ్యలో చీలక తప్పదు.

ఇప్పటిదాకా: అచ్చులకు 2.6 కిలోలు (వృథా అయిన మొదటి జతతో కలిపి). మిగిలిన మట్టి 15.4. పని 17 గంటలు. కుండలు: చేసినవి 1, పోయినవి 1.

దశ 3: పంగ (రోజు 16-34)

మూడు కాళ్లను తలకిందులుగా, మొనలు పైకి ఉండేలా పలక మీద నిలబెడితే మధ్యలో మూడు గోడలు ఒక బిందువు దగ్గర కలుస్తాయి. అక్కడ వేలు దూరదు, చెక్క తగలదు. కుండ మొత్తంలో తక్కువ నొక్కుడు పడేది అక్కడే, రేపు మంట నేరుగా తాకేదీ అక్కడే.

రెండో కుండ: కాళ్ల అంచులు గీరి, మట్టి జావ రాసి, ఊరికే ఆనించాం. మూడో రోజు ఆరుతుండగా మధ్య బిందువు నుంచి మూడు వైపులా వెంట్రుక మందం బీటలు. విరిచి చూస్తే అతుకు లోపల జావ పొర పొడిగా, నున్నగా ఉంది. రెండు మట్టి ముఖాలు అసలు కలవనే లేదు.

మూడో కుండ: అతుకు బయట వేలిమందం వత్తి పెట్టి రుద్దాం. అతుకు నిలిచింది. కుండ మాత్రం ఆరబెట్టేటప్పుడు పోయింది, ఆ సంగతి 5వ దశలో.

నాలుగో, ఆరో కుండలు: బయటా లోపలా వత్తులు పెట్టి, గుంట పూడేదాకా మట్టి నింపాం. చూడ్డానికి గట్టిగా ఉన్నాయి. సూదితో కొలిస్తే ఆరోదానికి పంగ మధ్యలో 11 మి.మీ., చుట్టూ 7. ఈ తేడా ఎంత నష్టం చేసిందో చివర్లో తెలిసింది.

ఏడో కుండతో కుదిరింది. మట్టి నింపడం మానేసి తట్టడం పెంచాం:

1. ప్రతి కాలి పైఅంచున, పక్క కాళ్లను తాకే రెండు వైపులా 1.5 సెం.మీ. లోతున కోయాలి. కోతల మధ్య కోణం 120 డిగ్రీలు. అట్టముక్కతో కోణం నమూనా చేసుకుంటే మంచిది.
2. కోసిన ముఖాలు ముల్లుతో అడ్డదిడ్డంగా గీరాలి. జావ పలచగా కాదు, గడ్డపెరుగంత చిక్కగా రాయాలి.
3. మూడూ చేర్చి, లోపలి వైపు పెన్సిల్ మందం వత్తి ఒక్కటే పెట్టి బొటనవేలితో లోపలికి రుద్దాలి.
4. మట్టి పదును మీద ఉన్నప్పుడు, అంటే గోరు దిగుతుంది గానీ వేలికి అంటదు అన్నప్పుడు, లోపల గుండ్రటి చిన్న గులకరాయి ఆనించి, బయట తాడు చుట్టిన సన్నటి చెక్కతో పంగ వెంట తట్టాలి. మధ్య బిందువు నుంచి బయటికి, మూడు దారుల్లో, ఒక్కో దారికి 30 దెబ్బలు.
5. ఇసుక నింపిన బేసిన్లో మూడు గుంటలు చేసి, కుండను తిప్పి నిలబెట్టి, పైన మూడు వత్తులతో పొట్ట, మెడ, అంచు పెంచాలి.

తట్టక ముందు పంగ మందం 9 మి.మీ., తట్టాక 7. విరిచిన నమూనా ముక్కలో అతుకు గీత కనిపించలేదు.

ఐదో కుండ వేరే పద్ధతి, విడిగా రాయాలి. కాళ్లు విడిగా చేయకుండా 8 మి.మీ. గోడతో గొట్టం చేసి, తలకిందులుగా పెట్టి, పైకి వచ్చిన అడుగు అంచును మూడు చోట్ల లోపలికి నొక్కితే మూడు నొక్కులూ మధ్యలో కలుస్తాయి. మిగిలిన మూడు మడతలే కాళ్లు. ఒక్కో మడత అంచు మూసి మొన చేయాలి. ఇందులో కాలికీ కాలికీ మధ్య గోడ తెగదు, అతుకు కాలి లోపలి పక్క కింద మాత్రమే నడుస్తుంది. పంగ వాడిగా కాకుండా విల్లులా వంగి వస్తుంది. జౌ జనం ప్రాంతంలో దొరికే లీల పంగ ఇలాంటిదే, షాంగ్ వాళ్లది విడి కాళ్లు చేర్చిన వాడి పంగ. షాన్‌షీ రాష్ట్రం బావ్‌జీ దగ్గరి డౌజీతాయ్‌లో 1930లలో తవ్విన పురావస్తు శాస్త్రవేత్త సూ బింగ్‌చీ ఈ కాళ్ల కూర్పును బట్టే లీలను రకాలుగా విడదీశాడు. రెండు పద్ధతులూ చేతితో చేసి చూస్తే ఆ విభజన ఎంత గట్టిదో తెలుస్తుంది. ఇది సోకు కోసం మార్చుకునే ఆకారం కాదు, చేతికి చిన్నప్పటి నుంచి పట్టుబడిన వరస. ఒక పద్ధతి అలవాటైనవాడు రెండోది ఊరికే చేయడు.

గొట్టం పద్ధతి కొత్తవాళ్లకు తేలిక. నష్టమేమంటే కాళ్లు లోతు తక్కువ: 7 బదులు 4.5 సెం.మీ. వచ్చాయి.

ఎనిమిదోది ఏడోదానిలాగే, పంగ మాత్రం కిందికి దించి చేశాం. జెంగ్‌జౌలోని ఎర్లీగాంగ్ కాలపు (యిన్‌షూకు ముందటి షాంగ్ దశ) లీలకు కాళ్ల చివర పొడవాటి గట్టి మొనలుంటాయి, పంగ ఎత్తుగా ఉంటుంది. యిన్‌షూ చివరికి వచ్చేసరికి మొనలు పోయి, పంగ నేలకు దగ్గరవుతుంది. తవ్వకాల్లో పొర వయసు చెప్పడానికి లీ కాలు అంతగా పనికొచ్చేది అందుకే.

ఇప్పటిదాకా: ఒక్కో కుండకు పచ్చి మట్టి 1.6 కిలోలు. మిగిలిన మట్టి 4.2. పని 36 గంటలు. చేసినవి 8, పోయినవి 2.

దశ 4: తాడు ముద్ర

ఇది అలంకారమే అనుకుంటే పని చెడుతుంది. తాడు చుట్టిన చెక్క మూడు పనులు చేస్తుంది: గోడను బిగిస్తుంది, అతుకులు కలుపుతుంది, తడి మట్టికి చెక్క అంటకుండా చూస్తుంది. నున్నటి చెక్కతో తడితే నాలుగో దెబ్బకు మట్టి చెక్కతో పాటు లేచింది.

చెక్క 14 సెం.మీ. పొడవు, 4 వెడల్పు. పంగ కోసం ఇంకొకటి, 1.5 వెడల్పు. తాడు 2 మి.మీ. జనపనార పురి, సెంటీమీటరుకు నాలుగు చుట్లు. నైలాన్ తాడు మొదట వాడాం, ముద్ర గొట్టాలు పరిచినట్టు నున్నగా వచ్చింది. నారతాడు ముద్రలో పురి మెలికలు, పీచు గీతలు కూడా పడతాయి. ముద్ర అద్దంలో బొమ్మలా తిరగబడుతుందని గుర్తుంచుకోవాలి: కుడి పురి తాడు ఎడమ పురిలా కనిపిస్తుంది. పాత పెంకు చూసి తాడు పేనేవాళ్లు ఇక్కడ తప్పుతారు.

1. పొట్ట మీద చుట్లు నిలువుగా ఉండేలా తట్టాలి, పై నుంచి కిందికి.
2. కాళ్ల మీద అదే గీతలు మొనదాకా కొనసాగించాలి.
3. ప్రతి పది దెబ్బలకు చెక్కను బూడిదలో అద్దాలి. నీళ్లలో ముంచితే గాట్లలో జావ నిండి ముద్ర మొద్దుబారుతుంది.
4. మెడ దగ్గర 2 సెం.మీ. మేర తడి తోలుముక్కతో ముద్రలు చెరిపి నున్న చేయాలి.
5. భుజం మీద, ముద్రల పైనే, వెదురు మొనతో ఒకటి రెండు అడ్డగీతలు. షాంగ్ లీల మీద తరచుగా కనిపించేవి ఇవి.

కాలి గోడ తట్టక ముందు 7.2 మి.మీ., తట్టాక 6. ఎత్తు 4 మి.మీ. పెరిగింది కాబట్టి కొలత ముందే తగ్గించి చేయాలి.

పని 42 గంటలు.

దశ 5: ఆరబెట్టడం

మూడో కుండ కథ. అతుకు బాగుంది, ముద్రలు బాగున్నాయి. ప్లైవుడ్ పలక మీద నీడలో ఆరబెట్టాం. రెండో రాత్రికి పంగ మధ్యలో 2 మి.మీ. వెడల్పు చీలిక.

కాలి మొనల మధ్య దూరం పచ్చిగా 9 సెం.మీ. ఆరేసరికి 6.5 శాతం తగ్గాలి, అంటే దాదాపు 6 మి.మీ. మూడు మొనలూ దగ్గరికి జరగాలి. మొనలు పలకకు అంటుకుని కదల్లేదు. పైన కుండ ముడుచుకుంటోంది, కింద కాళ్లు పట్టుకుని ఉన్నాయి, లాగుడంతా పంగ మీద పడింది. మామూలు కుండకు ఈ బాధ లేదు, దాని అడుగు ఒక్కటే.

మార్చినవి: పలక మీద 1 సెం.మీ. మందం పొడి బూడిద పరిచి దానిపై నిలబెట్టడం. మొదటి మూడు రోజులు అంచుకు ప్లాస్టిక్ కాగితం చుట్టి, కాళ్లను గాలికి వదలడం (అంచు త్వరగా ఆరుతుంది, ముద్ద మొనలు ఆలస్యంగా). రోజుకోసారి కుండను కొద్దిగా ఎత్తి మళ్లీ పెట్టడం. నాలుగో కుండ నుంచి ఆరేటప్పుడు ఒక్కటీ పోలేదు. మొత్తం ఆరుదల 11 రోజులు.

చేసినవి 8, పోయినవి 3. పని 44 గంటలు.

దశ 6: నాలుగు కాల్పులు

మొదటిది, గుంటలో పిడకలతో. నాలుగో కుండ. 22 పిడకలు, పైన గడ్డి, నిప్పు పెట్టిన పదిహేనో నిమిషంలో టప్పుమని చప్పుడు. ఒక కాలి మొన ఎగిరిపోయింది. ముద్దగా ఉన్న మొన లోపల తేమ మిగిలింది, 100 డిగ్రీలు దాటగానే ఆవిరికి దారి లేదు. అప్పటి నుంచి మొన మందం 12 మి.మీ. మించకుండా, లోపలి నుంచి వేలితో తొలిచి చేశాం.

రెండోది, ఇటుకల ఆవంలో. లోపలి కొలత 60 సెం.మీ., కింద పొయ్యి నోరు, మధ్యలో చిల్లుల గచ్చు, పైన కుండలు, వాటిపై పెంకులు, మట్టి పూత. షాంగ్ కాలపు ఆవాలూ ఇదే వరస: కింద నిప్పు, మధ్య చిల్లుల అరుగు, పైన పాత్రలు. ఉష్ణోగ్రత కొలవడానికి కె-టైపు థర్మోకపుల్ తీగ. ఐదు, ఆరు కుండలు.

150 డిగ్రీల దాకా 2 గంటలు, అక్కడ గంట ఆగడం
600 దాకా గంటకు 100 చొప్పున
880 దాకా 2 గంటలు, అక్కడ 40 నిమిషాలు
కట్టెలు 38 కిలోలు

ఒక్క పగులూ లేదు. రంగు మాత్రం మన ఊరి కుండలాగే ఎర్రన. గాలి ధారాళంగా ఆడితే మట్టిలోని ఇనుము ఎర్రబారుతుంది.

మూడోది, బూడిదరంగు కోసం అవే రెండు కుండలు మళ్లీ. 880 దగ్గర పొయ్యి నోట్లో 3 కిలోల ఊక పోసి మూశాం. బయటికి వచ్చినవి నల్ల మచ్చలతో ఉన్నాయి. పొగ మసి పైన పట్టింది, లోపలి మట్టి రంగు మారలేదు. నల్లరంగు వేరు, బూడిదరంగు వేరు. కట్టెలు 36 కిలోలు.

నాలుగోది. ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది. ఊక లేదు. 880 దగ్గర పొయ్యి నిండా కట్టెలు పెట్టి, మంట పసుపుగా, పొగతో ఉన్నప్పుడే నోరు ఇటుకలతో మూసి తడి మట్టితో అలికాం. పైకప్పు మీద నాలుగు వేళ్ల మందం తడి మన్ను పరిచి, ఆరినప్పుడల్లా నీళ్లు చల్లాం. చైనాలో బూడిద ఇటుకల ఆవాల మీద నీళ్లు పోసే పాత పద్ధతికి ఇది చిన్న రూపం. లోపలికి గాలి చొరబడకపోతే ఇనుము ఎరుపు వదిలి బూడిదకు తిరుగుతుంది. 16 గంటలు మూసి ఉంచి, 200 లోపుకు దిగాకే తెరిచాం. వేడిగా ఉండగా తెరిస్తే పైపొర మళ్లీ ఎర్రబడుతుంది.

నాలుగూ బూడిదరంగుకు వచ్చాయి, ఎర్రగా కాలిన పాత రెండూ సహా. ఎనిమిదోదాని ఒక కాలి మీద అరచేయంత ఎర్ర మచ్చ. పొయ్యి నోటి అలుకులో వేలంత బీట పడిందని తర్వాత చూశాం. కట్టెలు 41 కిలోలు.

ఇప్పటిదాకా: కట్టెలు 115 కిలోలు, పిడకలు 22. పని 90 గంటలు. చేసినవి 8, పోయినవి 4. కాల్చిన కుండ బరువు 1.15 కిలోలు, అంచుదాకా 1.5 లీటర్లు, అందులో మూడు కాళ్లలో పట్టేది 290 మి.లీ.

దశ 7: పొయ్యి మీద

పోలికకు అదే మట్టితో, అదే మందంతో గుండ్రటి అడుగు కుండ ఒకటి చేసి, నాలుగో కాల్పులోనే కాల్చాం. దాన్ని మూడు రాళ్ల మీద పెట్టాం. రెండింట్లో 900 మి.లీ. నీళ్లు, 28 డిగ్రీల నుంచి, 600 గ్రాముల ఎండు సరుగుడు పుల్లలు.

ఏడో కుండ (లీ): 11.5, 12, 11 నిమిషాల్లో మరిగింది.
గుండ్రటి కుండ: 14, 13.5, 14.5 నిమిషాలు.
లీ, పుల్లలు కాళ్ల బయట చుట్టూ పేర్చినప్పుడు: 13.5 నిమిషాలు.

మూడో వరస ముఖ్యం. అల్యూమినియం రేకు చుట్టి కొలిస్తే, 900 మి.లీ. నీళ్లు ఆనుకునే గోడ లీలో సుమారు 590 చదరపు సెం.మీ., గుండ్రటి కుండలో 370. కానీ ఆ అదనపు గోడ కాళ్ల లోపలి పక్కన ఉంది. మంట పంగ కింద లేకపోతే ఆ లాభం దాదాపు పోయినట్టే. చిటికెన వేలంత సన్నటి పుల్లలు, మూడు సందుల్లోంచి ఒక్కొక్కటిగా లోపలికి తోయాలి. ఎనిమిదోదాని పంగ నేలకు 3 సెం.మీ. ఎత్తులోనే ఉంది, పుల్లలు దూరక మంట ఆరిపోయింది. కణకణలాడే బొగ్గుల మీద పెడితే మాత్రం చక్కగా ఉడికింది. పంగ దిగిన కాలంలో వంట మంట కూడా మారి ఉండాలని మా అనుమానం.

ఆరో కుండ రెండో మరుగుకు పోయింది. పంగ మధ్యలో టిక్కుమని శబ్దం, నీటి చుక్కలు మంటలో పడ్డాయి. నింపిన 11 మి.మీ. మందం బయట నిప్పు, లోపల నీళ్లు తట్టుకోలేకపోయింది. పక్కన 7 మి.మీ. గోడ త్వరగా వేడెక్కి సాగింది, మధ్య ముద్ద సాగలేదు. బలం కోసం పెట్టిన మట్టే కుండను చీల్చింది.

చెమ్మ సంగతి: కొత్త కుండ అరగంటలో 40 గ్రాముల నీళ్లు బయటికి వదిలింది. కొర్ర గంజి రెండుసార్లు కాచాక 8 గ్రాములకు తగ్గింది. కొర్రలే ఎందుకంటే ఉత్తర చైనాలో లీ వాడిన ఇళ్ల తిండి అదే: కొర్రలు, వరిగలు. రాయలసీమ కొర్రలే ఇక్కడ సరిపోయాయి. గంజి పలచగా ఉండాలి. చిక్కగా కాస్తే గింజలు కాళ్లలోకి దిగి, గరిటె అందక, మొనల్లో మాడతాయి. మాడు వదలడానికి బూడిదనీళ్లు రాత్రంతా నానబెట్టి, వెదురు పుల్లకు పీచు కట్టి తోమాం.

ఆ ఇబ్బంది లేని వాడకం ఆవిరి వంట. అడుగున చిల్లులున్న గిన్నె, జెంగ్, లీ మూతి మీద కూర్చుంటుంది. రెండూ కలిసి ఒకే పాత్రగా చేస్తే దాని పేరు యాన్. కాళ్లలో ఉత్త నీళ్లే కాబట్టి మాడేది లేదు. ఏడు చిల్లుల గిన్నె చేసి, సందులో తడి గుడ్డ చుట్టి పెడితే 200 గ్రాముల నానిన కొర్రలు 25 నిమిషాల్లో ఉడికాయి.

చివరి లెక్క: పని 102 గంటలు. చేసినవి 8, పోయినవి 5, నిలిచినవి 5, 7, 8 నంబర్లు.

ఏడో కుండ ఇప్పటికి ఇరవై సార్లు పొయ్యి ఎక్కింది. పొట్ట మీద మసి తాడు గాట్లలో పేరుకుని ముద్ర ఇంకా స్పష్టంగా కనిపిస్తోంది. తిరగేసి చూస్తే పంగ మధ్యలో మాత్రం మసి లేదు. అక్కడ మంట వేడికి మసి కాలిపోయి, బూడిదరంగు మట్టి రూపాయి బిళ్లంత మేర మళ్లీ ఎర్రబడింది.